పై మడికీ ఎరువు

గోర్టీన్, లీట్రిమ్
గుడ్ ఫ్రైడే

ఒసే డింప్నా,

ఇన్నేళ్ళు ఇరుగుపొరుగున ఉన్నదానివి, నువ్వు ఊరు వదిలి మూడు నెలలైంది. ఒక్క ఉత్తరం ముక్క రాయడానికి నీకు చేతులు రాలేదు గానీ, నేను ఫోను ఎత్తడం లేదని ఊళ్ళో అందరికీ కబురు పెట్టావట. ఎందుకు ఎత్తనో విను. అది మోగితే ఫింటన్ అన్నయ్య బెదిరిపోతున్నాడు. నేను అవతలివాళ్ళతో మాట్లాడుతుంటే తనని ఎవరికో అప్పగించేస్తున్నానని అనుకుని, కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతున్నాడు. అందుకే తీగ పీకేశాను. ఇక నీకూ నాకూ తపాలా బండే దిక్కు.

అన్నయ్యకి నిరుటికంటే మతిమరుపు బాగా ముదిరింది. రోజు విడిచి రోజు నా పేరు గుర్తుంటుంది. మిగతా రోజుల్లో ఆయన కళ్ళకి నేను మా అమ్మని. తోటని మాత్రం మరవలేదు. తెల్లారగానే బూట్లు వేసుకుని దిగువ మడిలోకి వెళ్ళి ఒక్కో సాలు దగ్గరా వంగి మట్టి ముట్టుకుని వస్తాడు. తన చేత్తో తవ్వింది తప్ప నోట పెట్టడు. మొన్న కొట్టు నుంచి క్యారెట్లు తెచ్చి ఉడకబెడితే, "ఇవి మనవి కావే" అని గిన్నె తోసేశాడు. నలభై ఏళ్ళ కిందట మాంసం ఫ్యాక్టరీలో కత్తి పని మానేసి వచ్చి, "ఈ ఇంట్లో ఇక మాంసం ఉడకొద్దు, మన నేల ఇచ్చిందే తిందాం" అన్నాడు చూడు, ఆ తలలో ఇప్పుడు ఆ మాట ఒక్కటే మిగిలింది. అప్పుడు ఊరంతా నవ్వింది. పాదిరిగారు కూడా "ఏం ఫింటన్, ఏ మతంలో కలిశావోయ్?" అని అడిగారు. నువ్వూ నవ్వావు. మరిచిపోయాననుకోకు.

నర్సు బెర్నీ నెల నెలా వచ్చి తూకం వేస్తోంది. "బరువు తగ్గనంత కాలం నేనేమీ మాట్లాడను అట్రాక్టా. తగ్గితే మాత్రం ముసలివాళ్ళ హోముకి రాయాల్సిందే" అని మొహం మీదే చెప్పేసింది. మంచిదే పాపం, దాని ఉద్యోగం అది. కాబట్టి సంగతి ఇదీ: తోట పండితే అన్నయ్య ఇంట్లో ఉంటాడు, పండకపోతే ఉండడు.

నువ్వు చెప్పావట, మీ అబ్బాయి కోలమ్ వచ్చి వాళ్ళ కొట్టంలోని చలికాలపు పేడ ఎరువు ట్రాక్టరు నిండా తెచ్చి పోశాడు. నల్లగా, పొడిపొడిగా, పుట్టింటి సారెలా ఉందనుకో! దిగువ మడి అంతా పరిచాం. పై మడికి చాలలేదు. ఇవాళ మంచిరోజు కదా, రెండు మడుల్లోనూ బంగాళాదుంపలు నాటేశాం. అన్నయ్యే ఒక్కొక్కటీ కన్ను పైకి పెట్టి కూర్చోబెట్టాడు. బఠాణీలు, పెద్ద చిక్కుళ్ళు కూడా పెట్టాం. రాత్రికి లేత దురదగొండి ఆకుల సూపు చేశాను. రెండు గిన్నెలు తాగాడు.

నీకు పుణ్యం ఉంటుందే.

అట్రాక్టా


సాల్ట్‌హిల్, గాల్వే
మే 2

అట్రాక్టా అక్కా,

నీ తిట్లు చదువుకుని కడుపు నిండిపోయింది. మూడు నెలల తరవాత నా భాష నాకు వినిపించింది. ఇక్కడ అందరూ మర్యాదగా మాట్లాడుతారు, ఒక్కరూ తిట్టరు.

మా అమ్మాయి ఇల్లు నాలుగో అంతస్తు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, మట్టి కనిపించదు. కొత్తిమీర కూడా ప్లాస్టిక్ కుండీలో కొనుక్కొస్తుంది. వారంలో అది చచ్చిపోతుంది, ఇంకోటి కొంటుంది. నేను బాక్స్‌టీ అట్లు చేస్తానని పచ్చి దుంపలు తురుముతుంటే, "మెషీన్ ఉందిగా అమ్మా" అంది. తురిమిన దుంపని గుడ్డలో పిండి, ఉడికిన దుంపతో కలిపి పెనం మీద వేసే సమయానికి ఇల్లంతా పొగ, పైన గంట మోగడం! పక్కింటివాళ్ళు మెట్లు దిగి పరుగెత్తారట. ఇక ఆ పని చెయ్యొద్దన్నారు.

ఎరువు చేరిందన్నావు, సంతోషం. నేను వచ్చేసి నిన్ను ఒంటరిదాన్ని చేశానన్న బాధ అలాగైనా కొంచెం తీరనీ. పోనీలే, మా వాడు కూడా ఒక మంచి పని చేశాడన్నమాట. ఆవుల మధ్య తిరిగి తిరిగి వాడికి మనుషుల మాట పట్టదు.

ఫింటన్ అన్నయ్యకి నా పేరు చెప్పు. గుర్తు లేకపోతే గట్టిగా నవ్వేదని చెప్పు.

నీ
డింప్నా


గోర్టీన్
మే 29

డింప్నా,

నువ్వు నవ్వేదానివని చెప్పాను. "ఆ గొడ్డు నవ్వా?" అన్నాడు. అంటే గుర్తున్నావు.

నాకు మాత్రం నవ్వు రావడం లేదు. దిగువ మడికి ఏదో అయింది. దుంప మొలకలు వచ్చాయి గానీ ఆకు విచ్చుకోవడం లేదు. కొసలు లోపలికి చుట్టుకుని, పసిపిల్లలు పిడికిలి బిగించినట్టు అలాగే ఉండిపోయాయి. చిక్కుళ్ళు జానెడు లేచి కాడ మెలికలు తిరిగి పడిపోయాయి. బఠాణీ సగం రాలేదు. నలభై ఏళ్ళలో నేను ఇలాంటిది చూడలేదు. తెగులు కాదు. తెగులైతే మచ్చ వస్తుంది, కుళ్ళు వాసన వస్తుంది. రేడియోలో తెగులు హెచ్చరిక కూడా లేదు.

నా లెక్కలో అది మంచు. పన్నెండో తారీఖున గట్టిగా కురిసింది. చలిగాలి పల్లానికే కదా దిగుతుంది. పై మడి ఎత్తు మీద ఉంది కాబట్టి తప్పించుకుంది. అక్కడ వేసిన దుంపలు చూడాలి, పచ్చగా, నవనవలాడుతూ మోకాలెత్తు ఉన్నాయి. ఇక మా ఇద్దరికీ ఈ ఏటి తిండి ఆ ఒక్క మడే.

అందుకే దానికి బలం పెట్టాలనుకుంటున్నాను. కోలమ్‌ని ఇంకో ట్రాక్టరు ఎరువు అడిగి, మట్టి ఎగదోసేటప్పుడు సాలు సాలుకీ పోద్దామని. వాడు మాత్రం ఈ మధ్య గేటు దగ్గర కనబడితే తల వంచుకుని పోతున్నాడు. ఏమైంది వాడికి? నువ్వేమంటావు? అది మీ కొట్టం ఎరువు, మంచీ చెడూ నీకు తెలుస్తుంది. నీ మాట కోసం చూస్తాను.

అన్నయ్య రోజూ ఆ పిడికిళ్ళ ముందు కూర్చుని వేలితో విప్పడానికి చూస్తున్నాడు. "నిద్ర లేవలేదే ఇంకా" అంటున్నాడు. బెర్నీ వచ్చింది. కిలోన్నర తగ్గాడు.

అట్రాక్టా


సాల్ట్‌హిల్
జూన్ 9

అట్రాక్టా అక్కా,

రాయడం ఆలస్యమైంది. ఇక్కడ వానలు. సముద్రం గోడ దాటి రోడ్డు మీదకి వచ్చింది. అమ్మాయికి జలుబు చేసింది, పిల్లలకి పరీక్షలు.

మంచు సంగతి రాశావు. మంచే అయి ఉంటుంది. మే నెల మంచు పగబట్టిన మంచు అని మా నాన్న అనేవాడు. మొక్కలు ఒక్కోసారి వాటంతట అవే తేరుకుంటాయి. ఓపిక పట్టు.

ఎరువు మాట అడిగావు. నేనేం చెప్పను అక్కా? నలభై ఏళ్ళుగా నీ చేయి చేసిన పని, నాకంటే నీకే బాగా తెలుసు. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి.

అన్నయ్యకి బార్లీ, పుట్టగొడుగులు కలిపి పులుసు పెట్టి చూడు. చివర్లో వెన్న వెయ్యి. పుట్టగొడుగులు పొలంలో ఏరినవైతే తింటాడేమో. నీ ఆరోగ్యం చూసుకో.

డింప్నా


గోర్టీన్
జూలై 11

డింప్నా,

నీ ఉత్తరం నీది కానట్టుంది. తోడబుట్టినంత దానివి, పన్నెండు ముక్కలు రాసి అందులో ఒక్క ముక్కైనా నీ నోటి నుంచి వచ్చినట్టు లేదు. ఒంట్లో బాగోలేదా? ఉంటే దాచకు.

నీకు తోచినట్టు చెయ్యి అన్నావు కదా, చేశాను. కోలమ్ వద్దు వద్దంటూ నసిగాడు, ట్రాక్టరు చెడిందన్నాడు. "మీ అమ్మ సరేనంది రా" అన్నాను. అప్పుడు తెచ్చి పోశాడు. పై మడి అంతా సాలు సాలుకీ నేనూ అన్నయ్యా ఎగదోశాం. రెండు రోజులు నడుము లేవలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు. మూడు వారాలు తిరక్కుండా పై మడి కూడా ముడుచుకుంది. అవే పిడికిళ్ళు. ఈసారి మంచు లేదు. ఇక నా చేతిలోనే ఏదో పాపం ఉందని నాకు నమ్మకం కుదిరిపోయింది. కుళ్ళిన ఆకులూ బూడిదా ఎత్తి పోసి నలభై ఏళ్ళు సాకిన నేల నా మొహం చూడనంటోంది.

ఇప్పుడు ఒక దొంగపని చెబుతాను, నవ్వకు. నవ్వినా ఫర్వాలేదు. అన్నయ్య రెండు రోజులు పాలు తప్ప ముట్టలేదు. మూడో రోజు పొద్దున్నే, ఆయన లేవకముందే, కొట్టులో కొన్న దుంపలు గంపలో వేసుకుని వెళ్ళి, చచ్చిన మొక్కల కింద ఒక్కో సాలులో అరడజను చొప్పున పాతిపెట్టాను. డెబ్బై ఏళ్ళ ముసలిదాన్ని, మోకాళ్ళ మీద పాకుతూ, సొంత తోటలో దొంగలా! ఆయన పార తీసుకుని వచ్చి తవ్వాడు. దుంప బయటపడగానే ఆ మొహం చూడాలే నువ్వు. "నిద్ర లేచాయే!" అని కేక పెట్టాడు. ఇంట్లోకి తెచ్చి, రేకు మీద మేకుతో చిల్లులు పొడిచి తను చేసిన ఆ పాత తురుముడు రేకు తీసి, వేళ్ళు గీసుకుంటూ తురిమి, బాక్స్‌టీ వేయించుకుని నాలుగు తిన్నాడు. పది రోజులుగా ఇదే నడుస్తోంది. పావుకిలో పెరిగాడు.

ప్రతి పొద్దునా పాతి వస్తుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

అట్రాక్టా


గోర్టీన్
ఆగస్టు 3

డింప్నా,

నీ నుంచి జాబు లేదు. సరే, నేనే రాస్తాను.

అయిపోయింది. పోయిన మంగళవారం కొట్టులో మట్టి అంటిన దుంపలు దొరకలేదు. కడిగి సంచిలో పెట్టినవి తెచ్చి పాతాను. అన్నయ్య తవ్వి, ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "వీటికి స్నానం ఎవరు చేయించారు?" అన్నాడు. తర్వాత చచ్చిన కాడ పీకి, దానికి వేరు తప్ప ఏమీ లేకపోవడం చూశాడు. పక్క మొక్క పీకాడు. సాలంతా పీకాడు. ఆయన మతి పోయినవాడే గానీ, తోటపని తెలియనివాడు కాదు. అలాగే మట్టిలో కూర్చుండిపోయాడు. "నువ్వు ఎవరివి? నాకేం పెడుతున్నావు?" అని అడిగాడు.

అప్పటి నుంచి నా చేతి ముద్ద ముట్టడం లేదు. విషం పెడుతున్నాననుకుంటున్నాడు. నేను గది లోపలికి వస్తే నోరు బిగించుకుంటాడు. బెర్నీ పెడితే రెండు చెంచాలు తాగాడు. నాలుగు కిలోలు తగ్గాడు. ఆమె కాగితం రాసేసింది, నేను సంతకం పెట్టేశాను. కాగితంలో భోజనం అన్న చోట "మాంసం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టరాదు" అని పెద్దక్షరాలతో రాశాను. అదొక్కటే నా చేతిలో మిగిలింది.

ఒక్క సంగతి అడుగుతాను. నిన్న ఏమీ తోచక మిగిలిన ఎరువు కుప్ప ముందు నిలబడ్డాను. దాని చుట్టూ గడ్డి పచ్చగా ఉంది. గడ్డిలో ఉండే వెడల్పాకు మొక్కలన్నీ మాత్రం ముడుచుకుని ఉన్నాయి. పేడని అనుమానించడమంటే కన్నతల్లిని అనుమానించడం కదా, అందుకే ఇన్నాళ్ళూ అటు చూడలేదు. కోలమ్ ఇంటికి వెళ్ళి అడిగాను. వాడు తలుపు సగమే తీసి, "మా అమ్మని అడుగు" అన్నాడు.

అడుగుతున్నాను.

అట్రాక్టా


సాల్ట్‌హిల్
ఆగస్టు 8

అక్కా,

చెబుతాను. ఇంతకాలం చెప్పనిదాన్ని, ఇప్పుడు ఒక్క ముక్కా దాచను.

నిరుడు వేసవిలో కోలమ్ గడ్డి పొలంలో ముళ్ళ మొక్కలకి మందు కొట్టాడు. డబ్బా తెచ్చిన రోజు వాడు కళ్ళజోడు మరిచిపోయి నా చేత చదివించాడు. నేనే గట్టిగా చదివాను. ఈ గడ్డి తిన్న పశువుల పేడ కూరగాయల మడులకి వేయరాదు, రెండు మూడేళ్ళు దాని విషం పోదు అని రాసి ఉంది. "మనకి కూరగాయలు ఎక్కడున్నాయమ్మా" అని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ గడ్డే చలికాలమంతా ఆవులు తిన్నాయి.

నీకు ఎరువు పొయ్యమని వాడికి చెప్పినప్పుడు, ఒట్టు అక్కా, ఆ డబ్బా నా తలలో లేదు. నిన్ను వదిలి వచ్చేశానన్న బాధలో ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. నీ మే నెల ఉత్తరంలో పిడికిళ్ళు అన్న మాట చదవగానే ఆ డబ్బా గుర్తొచ్చింది. కోలమ్‌కి ఫోను చేశాను. వాడు ఏడ్చాడు. పొలంలో మందు కొట్టనని ప్రభుత్వానికి రాసిచ్చి పథకంలో చేరాడట. బయటపడితే పొలమే పోతుంది, నోరు మెదపకమ్మా అన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కదా అని ఊరుకున్నాను.

కానీ పై మడి సంగతి అడిగావు. అక్కడ నేను మనిషినే కాదు. నువ్వు నా మాట కోసం చూస్తానని రాశావు. వద్దు అని ఒక్క మాట రాస్తే సరిపోయేది, కారణం కూడా చెప్పక్కరలేదు. నాలుగు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను. వద్దంటే ఎందుకని అడుగుతావు, అడిగితే తెలిసిపోతుంది. అందుకని నీకు తోచినట్టు చెయ్యి అని రాసి తపాలా పెట్టెలో వేశాను. వేసిన తరవాత తపాలావాడు వచ్చేదాకా ఆ పెట్టె దగ్గరే నిలబడ్డాను, వెనక్కి అడుగుదామని. వచ్చాడు. అడగలేదు.

నీ చేతిలో పాపం లేదు. అది నాది. క్షమించమని అడగను. ఏం చెయ్యమంటే అది చేస్తాను. వచ్చి ఫింటన్ అన్నయ్య దగ్గర కూర్చోమన్నా వస్తాను.

డింప్నా


గోర్టీన్
ఆగస్టు 12

డింప్నా,

ఉత్తరం అందింది. రావద్దు.

అట్రాక్టా


గోర్టీన్
నవంబరు 16

డింప్నా,

నువ్వు పంపిన మూడు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయలేదు. రాయడానికి నా దగ్గర తిట్లు కూడా లేవు. ఇవాళ రాస్తున్నానంటే, జరిగింది చెప్పుకోవడానికి నాకు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. సిగ్గులేని మాటే, కానీ నిజం.

అన్నయ్యని ఆగస్టు ఇరవైన తీసుకెళ్ళారు. కోటు వేసుకుని గుమ్మం దగ్గర తయారుగా నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఆయన భయపడిందే నిజమైంది, అప్పగించింది నేనే. ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళుతున్నాను. మొదట్లో నన్ను చూడగానే మొహం గోడకి తిప్పుకునేవాడు. తరవాత తరవాత అది కూడా మరిచిపోయాడు. నేనెవరో ఒక ఆవిడని, అంతే.

అక్కడి వంటవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. మాంసం వద్దని రాశాను కాబట్టి రోజూ ఆయనకి ఒక ఉడికిన దుంప, జున్నుముక్క పెడుతున్నారు. అలా మూడు నెలలు. పిట్టలా ఎండిపోయాడు. ఆ దుంపకేసి చూసి "మనది కాదు" అని అనడం కూడా మానేశాడు.

ఇవాళ నేను వెళ్ళేసరికి భోజనాల వేళ. కొత్త అమ్మాయి ఎవరో పొరపాటున ఆయన ముందు అందరికీ పెట్టిన పళ్ళెమే పెట్టింది. పంది మాంసం, క్యాబేజీ, తెల్లటి సాసు. నేను కోటైనా విప్పలేదు, గుమ్మంలోంచి చూశాను. ఆయన ఫోర్కు ఎత్తి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముక్క. నేను పరుగెత్తి లాక్కోవాలి. ఒకప్పుడు కత్తి పట్టిన చేతుల్ని నలభై ఏళ్ళుగా రోజూ కడుక్కున్న మనిషి ఆయన. తెలిస్తే ఆయన ఏమైపోతాడో నాకు తెలుసు, నీకూ తెలుసు. నేను కదలలేదు. ఎందుకంటే ఆయన తింటున్నాడు డింప్నా. ఆబగా తింటున్నాడు, ఆగస్టు నుంచి అలా తినడం చూడలేదు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా వైపు తిరిగి, ఎన్నాళ్ళ తరవాతో, నవ్వాడు. "ఎంత బాగుందే! మన తోటదేనా?" అని అడిగాడు.

"మనదేనన్నయ్యా" అన్నాను.

"నువ్వే వండావా?"

"నేనే."

పళ్ళెం ఖాళీ చేసి ఇంకొంచెం కావాలన్నాడు. నేనే వెళ్ళి వంటింటి కిటికీ దగ్గర నిలబడి అడిగి తెచ్చాను. ముక్కలు చిన్నవిగా కోసి, నా చేత్తో తినిపించాను. నోరు తెరిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆఫీసులో ఆగి, ఆయన కాగితం అడిగి తీసుకుని, పెద్దక్షరాలతో నేను రాసిన ఆ మాట కొట్టేసి వచ్చాను.

అట్రాక్టా